మోతీ కుడి కన్ను

పశువైద్యంలో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. కామారెడ్డిలో మా ఇల్లు బస్టాండుకు దగ్గర. బస్సుకు టైముంటే వచ్చి కూర్చుని, "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటారు. మందుల గురించి పుస్తకాలున్నాయి. బదిలీలు, ప్రమోషన్ల గోల చెప్పాలంటే నాకే ఆవులింతలు వస్తాయి. నేను చెప్పగలిగింది ఒక్కటే, అనుమానం గురించి.

ముప్పై ఏళ్ళకు పైగా అనుమానం మీదే బతికాను. దానివల్ల చాలా పశువులు బతికాయి. రిటైరయ్యాక ఒకసారి మాత్రం దానివల్లే ఒక మనిషి ఉద్యోగం ఊడేదాకా వచ్చింది. ఎల్లారెడ్డి రోడ్డు మీద ఒక గుర్రాల శిబిరంలో జరిగిన సంగతి అది. తప్పు నాది. ఎవరో చెప్పగా మీకు తెలియడం కంటే నేనే చెప్పడం మంచిదని రాస్తున్నాను.

అనుమానం ఎలా అబ్బింది

నా మొదటి పోస్టింగు ఎల్లారెడ్డి పశువుల దవాఖానా. అక్కడి పెద్ద డాక్టరు చుట్ట కాలుస్తూ, ఎవరినీ నమ్మకుండా, హాయిగా ఉండేవాడు. చేరిన రోజే నాతో ఒక మాటన్నాడు. "రోగికి నోరు లేదు. నోరున్నోడు నిజం చెప్పడు. నీ చేతులనే అడుగు."

నెల తిరక్కుండానే ఆ మాట నిజమైంది. నాగిరెడ్డిపేట దగ్గర ఒక బర్రె కడుపుబ్బి పడిపోయిందని కబురొచ్చింది. వెళ్ళి చూస్తే కళ్ళు లోపలికి పోయాయి, నోటి దగ్గర పుల్లటి వాసన. ఏం తిన్నదని అడిగితే, ఆ రైతు తన తలమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. "పచ్చగడ్డే సార్. ఇంకేం ఎయ్యలే."

"ఇంట్ల దావత్ ఏమన్న అయిందా?" అన్నాను.

ఆయన నేలచూపులు చూశాడు. వెనకనుంచి ఆయన భార్య అందుకుంది. "నిన్న పిలగాని పుట్టెంట్రుకలు తీసినం. మిగిలిన బువ్వంత గంపలకు గంపలు దానికే పెట్టిండు. చెప్తె ఏమైతది నీకు?" పిలిచినవాళ్ళు రాక అన్నం అంత మిగిలిందని చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గు. ఆ సిగ్గుతో బర్రె చచ్చేదే. సాయంత్రందాకా కష్టపడి దాని పొట్ట ఖాళీ చేయించాను, లేచి నిలబడింది.

జుక్కల్ లో ఒకాయన అమ్మకానికి సర్టిఫికెట్ కోసం, ఎద్దు కుంటు కనబడకుండా దానికి నొప్పి తెలియని సూది చేయించి తెచ్చాడు. నాకు మరాఠీ రాదనుకుని, ఆ సూది ఎంతసేపు పనిచేస్తుందో నా ముందే వాళ్ళ తమ్ముడితో చర్చించాడు. నాకు మరాఠీ వచ్చు. ఎద్దును దవాఖానాలోనే కట్టేయించి, మరునాడు పొద్దున అది కుంటుతుంటే నడిపించి చూపించాను.

ఇలాంటి గెలుపులు మనిషిని పాడుచేస్తాయి. అవతలివాడు దాచింది పట్టుకోవడమే వైద్యం అనుకునే స్థితికి వచ్చాను. దాచనిది కూడా కనబడకుండా పోవచ్చని నాకు తోచలేదు.

పెళ్ళిగుర్రాలు, పెద్ద జీతాలు

రిటైరైన తర్వాత సందీప్ అనే యువకుడు వెతుక్కుంటూ వచ్చాడు. హైదరాబాద్ మనిషి. ఎల్లారెడ్డి పోయే దారిలో ఒక మామిడితోట కౌలుకు తీసుకుని గుర్రాలను పెట్టాడు. కంపెనీల్లో పెద్ద పదవుల్లో ఉండి, పని ఒత్తిడితో నిద్ర పట్టక, చీటికిమాటికి అరిచే మేనేజర్లను అక్కడికి తెచ్చి గుర్రాలతో రెండు రోజులు గడిపిస్తాడట.

"గుర్రం అద్దం లాంటిది డాక్టర్ గారూ" అన్నాడు. "మీ హోదా, మీ జీతం దానికి తెలియవు. మీ మనసు ఇక్కడ లేకపోతే అది పక్కకు వెళ్ళిపోతుంది. మీరు నిజంగా ఇక్కడ ఉంటే దగ్గరికి వస్తుంది."

నేను తల ఊపాను. గుర్రానికి కావలసింది మేత, పక్కన ఇంకో గుర్రం, భయం లేకుండా నిలబడే చోటు. మేనేజర్ల మనసు ఎక్కడుందో చూసే తీరిక దానికి ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు. కానీ అతను అడిగింది నా అభిప్రాయం కాదు, గుర్రాలు ఆరోగ్యంగా ఉన్నాయని ఒక సర్టిఫికెట్.

నాలుగూ బారాత్ గుర్రాలే. ఇప్పుడు పెళ్ళికొడుకులు పూలు కట్టిన కార్లెక్కుతున్నారు, గుర్రాలకు గిరాకీ తగ్గింది. వాటితోపాటే వాటిని సాకే ఖాజామియా కూడా వచ్చాడు. బీర్కూర్ ఆయన, నా ఈడువాడు. నాలుగింటిలో పెద్దది మోతీ అనే తెల్ల ఆడగుర్రం. శిబిరమంతా దాని మీదే నడుస్తుంది, ఎందుకంటే మనుషుల దగ్గరికి వచ్చి నిలబడేది అదొక్కటే.

పెళ్ళిళ్ళలో అరిగిపోయిన గుర్రాలు కాబట్టి నాకు జుక్కల్ ఎద్దు గుర్తొచ్చింది. పళ్ళు చూసి వయసు లెక్కగట్టాను. గిట్టలు తట్టి చూశాను. రాళ్ళ నేల మీద ఉరికించాను. నొప్పి సూది చేసి ఉంటారేమోనని మరునాడు చెప్పకుండా వచ్చి మళ్ళీ ఉరికించాను. ఒక్కటీ కుంటలేదు. నాకు కొంచెం నిరాశ కూడా కలిగింది. కళ్ళు మాత్రం కొట్టం గుమ్మంలో నిలబడే చూశాను. తేటగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. "రెండు కళ్ళూ బాగున్నాయి" అని రాసి సంతకం పెట్టాను.

ఖాజామియా జేబు

మొదటి శిబిరం చూడటానికి నేనే వెళ్ళాను. గుండ్రంగా కట్టిన కంచెలో మోతీని వదిలేస్తారు. ఒక్కొక్కరే లోపలికి పోయి, తాడు లేకుండా, పిలవకుండా, ఊరికే దాని వైపు నడవాలి. గుర్రం దగ్గరికొస్తే సరే. దూరంగా పోతే మళ్ళీ ప్రయత్నం.

ఒక బ్యాంకు పెద్దమనిషి పోయాడు, మోతీ వచ్చి అతని భుజం దగ్గర తల పెట్టింది. అతను వెక్కివెక్కి ఏడ్చాడు. ఇంకొకాయన పోయాడు, ఆయన దగ్గరికీ వచ్చింది. సందీప్ నా వైపు చూసి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంత సులువుగా జరిగేదేదైనా నాకు మోసంగానే కనబడుతుంది.

కంచె అవతల ఖాజామియా కుర్తా జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పోయి, అందరి ముందే, జేబు దులపమన్నాను. అరచేతిలో పట్టేంత బెల్లం ముక్క కింద పడింది.

"ఇదేంది?"

"నాకు షుగర్ ఉంది సాబ్. ఒక్కొక్కసారి పడిపోతది, కళ్ళు తిరుగుతయ్. గందుకు పెట్టుకుంట."

"గుర్రం రావడానికి కాదా?"

ఆయన నన్ను ఒకసారి చూసి, వంగి బెల్లం తీసుకుని, మట్టి ఊదుకుని పక్కకు పోయాడు. మనుషులు లోపల ఉన్నప్పుడు ఆయన కంచె దగ్గర ఉండకూడదని సందీప్ కు చెప్పి ఒప్పించాను. మరునాడు కంచె దగ్గర ఖాజామియా లేడు, బెల్లమూ లేదు. మోతీ మాత్రం ఎప్పటిలాగే మనుషుల దగ్గరికి వచ్చింది. అప్పుడైనా నేను ఆయనకు క్షమాపణ చెప్పాల్సింది. చెప్పలేదు. మోసం ఇంకెక్కడో ఉందనుకున్నాను.

అనురాధ

మూడో నాలుగో శిబిరానికి ఒక విత్తనాల కంపెనీ ఎనిమిది మంది మేనేజర్లను పంపింది. వాళ్ళలో అనురాధ ఒకతె. కామారెడ్డి దగ్గర ఆ కంపెనీ విత్తనాలు శుభ్రంచేసే ప్లాంటుకు ఇన్‌చార్జి. వందలమంది ఆడవాళ్ళు ఆమె కింద పనిచేస్తారు. మూడు నెలల కింద అక్కడ ఒక కూలీ ఆమె వేళ్ళు మిషన్లో పోయాయి. అప్పటినుంచి అనురాధ ఎవరితోనూ మాట్లాడటం లేదని మిగతా మేనేజర్లు ఆమె వెనక చెప్పుకుంటున్నారు.

విశ్రాంతి కోసమని చెప్పి వాళ్ళను తీసుకొచ్చారు. మాటల్లో సందీప్ అసలు సంగతి నాతో అనేశాడు. ఒక్కొక్కరి మీదా హెడ్డాఫీసుకు రిపోర్టు పోవాలి. ప్లాంటు అనురాధకే ఉంచాలా, తీసేయాలా అన్నది దాన్నిబట్టి తేలుస్తారు. ఆ సంగతి ఆమెకు తెలియదు. మనిషిని తీసేయాలంటే నలుగురు కూర్చుని ముఖం చూసి చెప్పాలి. గుర్రం చేత చెప్పించడమేమిటి? సందీప్ తో అదే అన్నాను. "వాళ్ళు అడిగారు సార్, నేనేం చేయను" అన్నాడు.

అనురాధ మూడుసార్లు లోపలికి పోయింది. మోతీకి కంచె పక్కన నీడలో నిలబడటం అలవాటు. కుడి పక్క కంచెకు ఆనించి, ఎడమ పక్క నడిమధ్యకు ఉంచి నిలబడుతుంది. మిగతా ఏడుగురూ నడిమధ్యనుంచి, దగ్గుతూ, గొంతు సవరించుకుంటూ, తమలో తాము గొణుక్కుంటూ పోయారు. అనురాధ కంచె వెంబడి, వెనకనుంచి, చప్పుడు లేకుండా పోయింది. రెండు బారల దూరంలోకి రాగానే మోతీ ఉలిక్కిపడి అవతలి కొసకు ఉరికింది. రెండోసారి అంతే. మూడోసారి వెనక కాళ్ళు కూడా ఎత్తింది.

సందీప్ రిపోర్టులో రాసుకున్నది నేను చూశాను. "గుర్రం మూడుసార్లు తిరస్కరించింది. ప్రస్తుతం నాయకత్వానికి తగిన స్థితిలో లేరు."

టార్చిలైటు

ఆ సాయంత్రం మిగతావాళ్ళు చాయ్ తాగుతుంటే ఆమె కొట్టం బయట అరుగు మీద కూర్చుంది. నన్ను చూసి లేవబోయింది.

"మనుషులైతే నచ్చజెప్పుకోవచ్చు సార్. అది నన్ను చూడంగనే ఉరికింది. దానికి నాతోటి ఏం పగ? ఉన్నదే చూపెట్టింది."

అప్పటికీ నా బుర్ర మోసం వైపే పోయింది. ఎవరో ఆమెను తీసేయాలనుకున్నారు, గుర్రాన్ని బెదరగొట్టే పని ఏదో చేశారు. మెడ పట్టెడ కింద ముల్లో, చెవిలో దూదో దొరుకుతుందని టార్చిలైటు తీసుకుని కొట్టంలోకి పోయాను. తొందరలో మోతీ కుడి పక్కనుంచి పోయాను. అది గభాలున తిరిగి నన్ను గోడకేసి నొక్కింది. టార్చి కింద పడింది, నా ఊపిరి ఆగినంత పనయింది.

ఖాజామియా ఉరికొచ్చి దాన్ని పక్కకు లాగాడు. "గా పక్కనుంచి సప్పుడు లేకుంట పోతరా సాబ్? వస్తున్న అని చెప్పి పోవాలె."

"గా పక్కనే ఎందుకు?"

ఆయన తల దించుకుని మోతీ తాడు సవరించాడు. నేను టార్చి తీసి మోతీ ఎడమ కంట్లో వెలుగు వేశాను. కంటిపాప టక్కున ముడుచుకుంది. కుడి కంట్లో వేశాను. కదల్లేదు. ఇంకోసారి వేశాను. వెలుగు ఎంత దగ్గరికి తెచ్చినా పాప అలాగే తెరుచుకుని ఉంది. బయటికి అందంగా, తేటగా, నిగనిగలాడుతూ ఉన్న ఆ కంటికి చూపు లేదు.

కొత్తగా చేరే పిల్లలు ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించాలి. ఆ పరీక్షకు పట్టింది ఒక్క నిమిషం. ఆ టార్చి మొదటి రోజు కూడా నా సంచిలోనే ఉంది.

"ఎట్ల పోయింది?" అన్నాను.

"ఒక బారాత్ ల కన్ను పక్కన్నే పటాకుల లడీ కాల్చిండ్రు సాబ్. గప్పటిసంది గా పక్క కనవడదు. కన్ను లేదంటే ఎవరు ఉంచుకుంటరు? రోడ్డు మీద ఇడిసిపెడుతరని ఊకున్న."

"నాకన్నా చెప్పొద్దా?"

ఖాజామియా మోతీ మెడ నిమురుతూ, గొంతు పెంచకుండానే అన్నాడు. "మీరు అడిగింది బెల్లం గురించే గద సాబ్. అందరి ముందట జేబు దులిపించిండ్రు. కన్ను గురించి ఎప్పుడన్న అడిగిండ్రా?"

సిగ్గుతో చచ్చిపోయాను. నా ఈడు మనిషిని దొంగను చేశాను, చూడాల్సింది చూడలేదు. ఈసారి మాత్రం ఆలస్యం చేయకుండా క్షమించమన్నాను. ఆయన "పోనీయండ్రి సాబ్" అన్నాడు గానీ నా ముఖం చూడలేదు.

వస్తున్న

బయటికి వచ్చి అనురాధను లోపలికి పిలిచాను. కన్ను సంగతి చెప్పాను. ఆమె నమ్మలేదు. ఓదార్చడానికి చెబుతున్నాననుకుంది. టార్చి ఆమె చేతికే ఇచ్చాను. వేసి చూసుకుంది.

ఖాజామియా ఆమెను కుడి పక్కనే నిలబెట్టి, "వస్తున్న బిడ్డా అని చెప్పి పోండ్రి మేడం" అన్నాడు. ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు. రెండోసారి గుసగుసలాగ వచ్చింది. మోతీ చెవి ఒకటి ఇటు తిరిగింది.

"జర గట్టిగ."

"వస్తున్న" అంది అనురాధ. గొంతు పగిలినట్టు వచ్చింది. మోతీ మొత్తం తల తిప్పి, మంచి కంటితో ఆమెను చూసి, రెండడుగులు వేసి నిలబడింది.

చీకటి పడేదాకా ఆమె దాన్ని బ్రష్ తో రుద్దుతూ ఉంది. ప్రతిసారీ కుడివైపు పోయేముందు వస్తున్న అంటూనే ఉంది. అలా రుద్దుతూనే, నా వైపు తిరగకుండా, చెప్పింది. ఆ రోజు మిషన్ దగ్గర బాలమణి అనే కూలీ ఆమె వేళ్ళు పోయింది తన కేక వల్లేనట. వెనకనుంచి ఒక్కసారిగా అరిచింది, బాలమణి ఉలిక్కిపడి తిరిగింది, చెయ్యి లోపలికి పోయింది. ఆఫీసువాళ్ళు వచ్చి బాలమణి అజాగ్రత్త అని రాసుకుంటుంటే అనురాధ నోరు మెదపలేదు. ఇక మీదట అరవకూడదని ఒట్టు పెట్టుకుంది. గొంతెత్తడం మానేసింది, మెత్తటి చెప్పులు వేసుకుని చప్పుడు లేకుండా తిరగడం మొదలుపెట్టింది. "పిల్లి లెక్క వస్తది మేడం అని అనుకుంటరు సార్. నేను కనవడంగనే అందరు దడుచుకుంటున్నరు. నేను శాంతంగ ఉంటున్ననుకున్న."

నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా నాలో అనుమానం లేచింది. రిపోర్టు కొట్టేయించడానికి నా సంతకం అవసరం కాబట్టి, జాలి పుట్టించడానికి ఇదంతా చెబుతోందేమో అనుకున్నాను. కానీ ఆమెకు రిపోర్టు సంగతే తెలియదు. అది గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. ఆమెకు రిపోర్టు గురించి కూడా అప్పుడే చెప్పేశాను.

గుర్రాలతో పని చేయిస్తే మనుషులు బాగుపడతారా అని ఇప్పుడు చాలామంది నన్ను అడుగుతున్నారు. గుర్రం మనసు చదువుతుందంటే నేను ఈ రోజుకీ నమ్మను. కానీ పక్కన ఎవరున్నారో, ఎటునుంచి వస్తున్నారో తెలియకపోతే అది ఉండలేదు. దాని పక్కన పని చేయాలంటే నేనిక్కడున్నానని చెబుతూ ఉండాల్సిందే. పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు మొదట మర్చిపోయేది అదే. ఆ మాత్రం మేలు ఒప్పుకుంటాను. మార్కులు వేయడానికి మాత్రం గుర్రాన్ని వాడుకుంటే ఊరుకోను.

దిద్దుబాటు

సందీప్ కు చెబితే అతను తల పట్టుకున్నాడు. "ఇప్పుడు సర్టిఫికెట్ మారిస్తే నా శిబిరం పరువుతోపాటు మీదీ పోతుంది సార్. ఒక్క కన్నే కదా. అయినా ఆమె నిజంగానే బాగాలేదు, అందరూ అంటున్నారు."

ఆమె బాగాలేని మాట నిజమే. తప్పు ఒప్పుకుంటూ హెడ్డాఫీసుకు రాయాల్సిన ఉత్తరం నాలుగు రోజులు రాయకుండా తిరిగాను. ఈ జిల్లాలో నా చూపుకు తిరుగులేదని పేరు. ఒంటికన్ను గుర్రానికి రెండు కళ్ళని రాశానంటే, చిన్న డాక్టర్లు చాయ్ హోటల్లో నవ్వుకుంటారు. ఇంత చిన్న పరువు కోసం నాలుగు రోజులు పోయాయంటే ఇప్పుడు నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఐదో రోజు రాశాను. గుర్రానికి కుడి కన్ను కనబడదు, ఆమె మూడుసార్లూ ఆ పక్కనుంచే వెళ్ళింది, పరీక్ష సరిగా చేయని తప్పు నాది, ఆ రిపోర్టుకు విలువ లేదు. సంతకం పెట్టి హెడ్డాఫీసుకు పంపి, ఒక కాపీ సందీప్ కు, ఒకటి అనురాధకు ఇచ్చాను. హెడ్డాఫీసు రిపోర్టును పక్కన పెట్టి, ప్రస్తుతానికి ప్లాంటు అనురాధకే ఉంచింది. ఆమె ఇంకోసారి శిబిరానికి పోవాలనీ, ఈసారి రెండు కళ్ళూ ఉన్న గుర్రాన్ని ఏర్పాటు చేయాలనీ రాసింది. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మోతీని సందీప్ అమ్మేస్తాడని నేనూ ఖాజామియా భయపడ్డాం. అమ్మలేదు. వచ్చినవాళ్ళకు ముందే కన్ను సంగతి చెప్పి, వస్తున్న అని పిలిచి పొమ్మంటున్నాడట. అది కూడా వ్యాపారమే అయి ఉంటుందని నా అనుమానం.

బాలమణి ఇల్లు

తర్వాతి ఆదివారం అనురాధ కారు మా ఇంటి ముందు ఆగింది. బాలమణిది ఎల్లారెడ్డి. కంపెనీ బస్సులో రోజూ వచ్చిపోయేది. ఆ వాడ నాకు తెలుసు, మేకలకు సూది వేయడానికి నేను పోని ఇల్లు అక్కడ లేదు. దారి చూపించమంది.

"ఉద్యోగం నిలబడ్డది గద, ఇప్పుడెందుకు?" అన్నాను. ఆమెను పరీక్షించడానికే అన్నాను.

"నిలబడ్డదనే సార్. ఇంక రెండు దినాలైతే చెప్పకున్నా బతకొచ్చని అనిపిస్తది."

బాలమణి ఇంటి ముందు వసారాలో కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది. కుడి చేతికి రెండు వేళ్ళు లేవు. బీడీ చుట్టడం కుదరక, ఎడమ చేత్తో కత్తెర పట్టి, పక్కింటివాళ్ళకు ఆకు కత్తిరించి ఇస్తోంది. బాలమణి అరుస్తుందనీ, వాడంతా పోగవుతుందనీ అనుకుని నేను కారు పక్కనే నిలబడ్డాను.

అనురాధ వాకిట్లో నిలబడి, ఆ ఇంటికే కాదు, వాడకంతటికీ వినబడేలా చెప్పింది. "బాలమణీ, ఆ దినం నీ వెనకనుంచి అరిచింది నేనే. నువ్వు గందుకే తిరిగినవు. నీ తప్పేం లేకుండె. నీ అజాగ్రత్త అని రాస్తుంటే నేను చూసుకుంట ఊకున్న. రేపు ఆఫీసుల రాసిస్త."

బాలమణి కత్తెర కింద పెట్టింది.

"అరిచింది మీరేనని నాకు ఎరుక మేడం. రోజు ఇనే గొంతు తెలవదా?" అంది. "ఆఫీసోళ్ళు ఇంటికొచ్చి, ఎవరన్న పిలిచిండ్రా అని అడిగిండ్రు. ఎవరు పిలువలేదన్న. నేను చెప్తె మీ నౌకరి పోతదని. మీయంతల మీరే వచ్చి చెప్తరని ఎదురుచూసిన. మస్తు దినాలు చూపిచ్చిండ్రు మేడం."